సగం దించిన షట్టరు

పొగ వచ్చి రెండు వారాలు దాటేసరికి ఊరంతా ఒకే భాష మాట్లాడటం మొదలుపెట్టింది: దగ్గు. ఎక్కడో కొండల మీద అడవి కాలుతోంది. మంట ఇంత దూరం రాలేదు, రాదు కూడా. పొగ మాత్రం అద్దె కట్టని కిరాయిదారులా వచ్చి కూర్చుంది. ఏ ఇంట్లో పడితే ఆ ఇంట్లో, ఏ గదిలో పడితే ఆ గదిలో. పొమ్మంటే పోదు, తలుపేస్తే సందులోంచి దూరుతుంది.

ఇనుప సామాన్ల కొట్టు యజమానిని ఊళ్ళో అందరూ కాటా అనేవారు. మాటైనా మేకైనా తూచి గాని ఇవ్వడని ఆ పేరు. అందులో అతనికి తప్పేమీ కనపడలేదు. తూచకుండా ఇచ్చేవాడు కొట్టు నడపడు, సత్రం నడుపుతాడు అనేవాడు.

ప్రభుత్వం ఎట్టకేలకు అత్యవసర సాయం ప్రకటించింది. చంటిపిల్లలూ ముసలివాళ్ళూ ఆయాసం మనుషులూ ఉన్న ప్రతి ఇంటికీ గాలిని శుభ్రం చేసే మిషను ఒకటి, మాస్కుల కట్ట ఒకటి. పంచడానికి చోటు కావలసి వచ్చింది. ఊపిరాడనివాళ్ళందర్నీ బళ్ళో పడుకోబెట్టేశారు కాబట్టి బడి ఖాళీ లేదు. కాటా గోడౌను అడిగారు. కాటా తూచి చూసుకున్నాడు. అద్దె రాదు, పేరొస్తుంది. పేరు కూడా సరుకే, పాడుకాదు, ఎలుకలు తినవు. సరేనన్నాడు.

ఆ ఉదయం బామ్మర్దిని వెంటబెట్టుకుని బయల్దేరుతుంటే భార్య గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"మావాణ్ణి తీసుకెళ్తున్నారు. వాడికి చెయ్యి ముందు, మాట తర్వాత. ఈ పొగకి జనం అసలే ఉడికిపోయి ఉన్నారు. వాడికేమీ కాకుండా చూసుకోండి."

"నీ తమ్ముడు పాలు తాగే పిల్లాడా? ఇనుముకి ఇనుము అతికించే మొనగాడు."

"మీ కొట్లో సరుకైతే ఇంత చెప్పక్కర్లేదు, కంటికి రెప్పలా చూసుకునేవారు. వాడు మనిషి కదా, అందుకని చెప్తున్నా."

"అక్కా, నేనిక్కడే ఉన్నాను" అన్నాడు బామ్మర్ది మాస్కులోంచి.

"నువ్వుండబట్టే చెప్తున్నాను."

తల్లి పోయాక వాణ్ణి చంకనేసుకుని పెంచింది ఆవిడే. పెళ్ళి మాటలప్పుడు కాటా చాలా షరతులు చెప్పాడు, ఆవిడ ఒక్కటే చెప్పింది: నేనొస్తే వాడూ వస్తాడు. అప్పట్లో కాటాకి అది నష్టంలా కనిపించింది. తర్వాత వాడు వెల్డింగు నేర్చుకుని కొట్టు గేట్లూ కిటికీ చువ్వలూ అన్నీ చేసి పెడుతుంటే లెక్క సరిపోయిందనుకున్నాడు. అయితే వాడికి ఏమన్నా అయితే ఇంట్లో ఆవిడ ముఖం ఎలా చూడాలో అతని లెక్కలో ఎక్కడా లేదు.

గోడౌనుకి వీధి వైపు ఒక ముందు గది, దానికి పెద్ద షట్టరు. ఆ గది వెనక మడత గేటు, గేటు వెనక అసలు గోడౌను. పైపుల కట్టలు, రంగు డబ్బాలు, చువ్వలు, వాటి మధ్య రాత్రి లారీలో దిగిన ప్రభుత్వం పెట్టెలు కప్పు దాకా.

ఆఫీసరమ్మ అప్పటికే వచ్చి కూర్చుంది. గొంతు బొంగురుపోయింది, కళ్ళు ఎర్రబడ్డాయి, చేతిలో ఫోనుంది, అందులో ఇళ్ళ వివరాలున్నాయి. ఆవిడ వెనక ఒకే ఒక పోలీసు.

"పెట్టెలన్నీ ముందుకి తెప్పించండి. జనానికి కనపడాలి" అంది.

"అమ్మా, ఆ పని మాత్రం చెయ్యకండి" అన్నాడు కాటా. "సరుకు గుట్టగా కనపడిందనుకోండి. ఒకడు మా అత్తకంటాడు, ఇంకొకడు మా అత్తగారి అత్తకంటాడు. కొంచెమే కనపడితే ఇచ్చింది పుచ్చుకుని నోరు మూసుకుని పోతారు. పెట్టెలు లోపల ఉండనివ్వండి, తరిగినకొద్దీ మావాడు తెచ్చి పెడతాడు."

"ఇది వ్యాపారం కాదండీ."

"ఇచ్చిపుచ్చుకునేదంతా వ్యాపారమేనమ్మా. మీరు డబ్బు పుచ్చుకోరు, అంతే తేడా."

"అందరికీ సరిపోతాయి. ఇంటికొకటి లెక్క చూసే పంపారు."

"సరిపోతాయని మీకు తెలుసు, నాకు తెలుసు. సరిపోతాయని తెలిస్తే మనిషి వరసలో నిలబడడమ్మా, మీద పడతాడు."

వాదించడానికి ఆవిడకి ఊపిరి లేదు. సరే మీ ఇష్టం అన్నట్టు చెయ్యి ఊపింది. కాటా ఒక చిన్న వరస పెట్టెలు బల్ల పక్కన పేర్చి, మడత గేటుకి తాళం వేసి, తాళంచెవి మొలకి కట్టుకున్నాడు. అవసరమైనప్పుడల్లా తనే తీసి బామ్మర్దిని లోపలికి పంపుతున్నాడు.

కాసేపు అంతా అతను చెప్పినట్టే నడిచింది. జనం వచ్చారు, పేరు చెప్పారు, పెట్టె పుచ్చుకున్నారు. మాస్కులున్నా నోళ్ళు ఊరుకోలేదు.

"ఏంటి కాటా, ఇవాళ తూచకుండానే ఇస్తున్నావు?"

"గాలి మిషను కదా మామా, గాలికి తూకమేముంది."

"చూడండ్రా, కాటా ఉత్తినే ఇస్తున్నాడంటే కలికాలం ఆఖరికొచ్చినట్టే!"

వరస మధ్యలో టైలరూ, అతని భార్యా నిలబడ్డారు. కాటా కొట్టుకి ఎదురు సందులోనే వాళ్ళ కుట్టు గది. టైలరు పని మీద నుంచి అలాగే లేచి వచ్చినట్టున్నాడు, కుడి చూపుడువేలికి తెల్ల దారం చుట్టుకునే ఉంది.

"అన్నయ్యా, మా పిల్లకి రాత్రంతా ఆయాసమే. మా వంతుకి ఉంటాయా?" అంది టైలరు భార్య దూరం నుంచే.

"ఉంటాయమ్మా."

"ఉంటాయని నువ్వంటావు. నీ ముందేమో నాలుగు పెట్టెలే కనపడుతున్నాయి."

"కనపడకపోతే లేనట్టా? నా బుర్ర నీకు కనపడుతుందా?"

"లేదు కాబట్టే అనుమానం" అందావిడ. వరస నవ్వింది. టైలరు నవ్వుతూనే దగ్గి, వంగి, మోకాళ్ళు పట్టుకున్నాడు.

అప్పుడు గాలి తిరిగింది. వీధి చివరి నుంచి పొగ గోనె సంచి విదిలించినట్టు వచ్చి పడింది. పట్టపగలు, ఎదుటి గోడ కనపడలేదు. ఆఫీసరమ్మ బల్ల మీదికి వాలిపోయి దగ్గుతోంది, ఆగడం లేదు. ముందు గదంతా పొగ నిండుతోంది. బామ్మర్ది లోపల పెట్టెలు దించుతున్నాడు. బల్ల పక్కన మూడో నాలుగో మిగిలాయి.

కాటా లేచి ఇనుప కొక్కెం అందుకుని షట్టరు సగానికి దించాడు.

పొగ రాకుండా దించాడు. ముప్పై ఏళ్ళుగా దుమ్ము లేచినా వాన కొట్టినా ఆ చెయ్యి చేసే పని అది. ఆ చేతికి ఆలోచన అక్కర్లేదు. అయితే ఆ బజారులో సగం దించిన షట్టరుకి ఒకటే అర్థం. సరుకైపోయింది, లోపల సర్దుకుంటున్నాం, మళ్ళీ రండి. బట్టల కొట్టైనా గిన్నెల కొట్టైనా అందరిదీ అదే మాట, నోటితో చెప్పక్కర్లేదు. కాటా కూడా ఎన్నో సాయంత్రాలు అలాగే చెప్పాడు. ధర పెరిగేలా ఉంటే లోపల సరుకు పెట్టుకుని మరీ చెప్పాడు. అది ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు.

బయట వరసలో తలలన్నీ షట్టరు వైపు తిరిగాయి. తర్వాత వరస వెనక నుంచి ఒక గొంతు లేచింది.

"దించేశాడ్రా!"

"అయిపోయాయంటావా?"

"నేను పొద్దుటి నుంచి నిలబడ్డాను!"

వరస వరసగా ఉండటం అక్కడితో సరి. షట్టరు మీద మొదటి గుద్దు పడింది, దాని వెనకే పది. పోలీసు షట్టరు కింద నుంచి వంగి బయటికెళ్ళి కర్ర అడ్డం పెట్టాడు. ఎవరో ఆ కర్రే లాక్కుని అతని కడుపులో పొడిచారు. అతను మోకాళ్ళ మీద కూలబడి, పాక్కుంటూ జనం కాళ్ళ మధ్య నుంచి వీధిలోకి పోయాడు. మళ్ళీ రాలేదు.

"అయ్యా, ఉన్నాయి! పొగకని దించాను! లోపల చాలా ఉన్నాయి!" కాటా అరిచాడు. మాస్కులో ఆ అరుపు గొణుగుడులా వచ్చింది. మాస్కు పీకేసి మళ్ళీ అరవబోతే పొగ గొంతులో దిగి దగ్గు తప్ప ఏమీ రాలేదు.

ఆ సమయంలోనే వెనక సందులో ఎవడో డ్రమ్ము ఎక్కి గోడౌను పైకిటికీలోంచి తొంగిచూశాడు. వాడి కేక ముందు వీధి దాకా వినపడింది.

"లోపల కప్పు దాకా ఉన్నాయిరోయ్! దాచాడు! మొత్తం దాచేశాడు!"

ఉన్నాయని కాటా చెప్తే నమ్మనివాళ్ళు, దాచాడని ఎవడో అంటే నమ్మేశారు. అన్నది నిజమే కూడాను. ఏం చెప్పి కాదంటాడు?

రాయి షట్టరు కింద నుంచి దూసుకొచ్చి ఆఫీసరమ్మ నుదుటికి తగిలింది. ఆవిడ కుర్చీతో సహా వెనక్కి పడింది. లేచి కూర్చునేసరికి కన్నూ చెంపా నెత్తురు. ఫోను ఇంకా చేతిలోనే ఉంది. ఆ చప్పుడుకి బామ్మర్ది మడత గేటులోంచి బయటికి వచ్చాడు. నెత్తురు చూశాడు. గోడకి ఆనించిన గుప్పెడు లావు ఇనుప పైపు అందుకున్నాడు.

"ఒరేయ్, వద్దు! పైపు దించు!" అన్నాడు కాటా, గేటుకి తాళం బిగిస్తూ.

"బావా, లోపలికొస్తే మనల్ని చంపేస్తారు!"

షట్టరు కింది అంచు పట్టుకుని బయటి నుంచి పైకి లేపుతున్నారు. ఇనుప అంచు మీద వరసగా వేళ్ళు. ముసలి వేళ్ళు, గాజుల చేతి వేళ్ళు, నల్లబడ్డ గోళ్ళు. బామ్మర్ది పైపు రెండు చేతులతో ఎత్తి వాటి మీద కొట్టాడు. చాలా చేతులు తప్పుకున్నాయి. ఒకటి తప్పుకోలేదు. అంచుకీ పైపుకీ మధ్య ఎండుపుల్లలు విరిగిన చప్పుడైంది. బయట ఒక మగగొంతు అరిచింది, ఆ అరుపు సగంలో ఆడగొంతైపోయింది. చెయ్యి జారి కిందపడే ముందు కాటా చూశాడు. చూపుడువేలికి చుట్టిన తెల్లదారం ఎర్రగా ఉంది.

షట్టరు ఒక్క ఊపులో పైకి లేచింది.

బామ్మర్దిని జుట్టు పట్టుకుని ఈడ్చారు. మొదట వాడు పైపు తిప్పాడు, ఒకడి దవడకి తగిలింది, పళ్ళు రాలాయి. తర్వాత పైపు వాడి చేతిలో లేదు, వాళ్ళ చేతుల్లో ఉంది. వీధి మధ్యలో పడేశారు. పొగలో ముఖాలు కనపడటం లేదు, కాళ్ళు మాత్రం కనపడుతున్నాయి. బూట్లు, చెప్పులు, ఉత్తి పాదాలు. అందరికీ ఊపిరి అందడం లేదు. కొట్టి, ఆగి, వంగి దగ్గి, ఉమ్మి, మళ్ళీ కొడుతున్నారు. కొద్దిసేపటి క్రితం కాటాతో వేళాకోళమాడిన మామ కూడా వాళ్ళలో ఉన్నాడు. ఒక చేత్తో తన పెట్టెని చంకలో జాగ్రత్తగా పట్టుకుని, కాలితో తంతున్నాడు.

కాటా గుంపులోకి దూరాడు. "నన్ను కొట్టండి, సరుకు నాది, తాళం నాది!" ఎవరి మోచెయ్యో ముక్కుకి తగిలింది. వీపు మీద కర్ర పడింది. బోర్లాపడి చూస్తే కాళ్ళ సందుల్లోంచి బామ్మర్ది ముఖం కనపడింది. ఒక కన్ను మూసుకుపోయింది. రెండోది తెరిచే ఉంది గాని ఏమీ చూడటం లేదు. నోట్లోంచి నురగ.

ఇంకాస్త ఆగితే వాడు పోతాడు. అది కాటాకి బేరం కుదిరిందో లేదో తెలిసినంత తేటగా తెలిసింది.

కొడుతున్న గుంపుని బతిమాలితే ఆగదు. దాని కాళ్ళ కింద ఉన్న సరుకు కన్నా మంచి సరుకు చూపించాలి. గేటు తెరిస్తే పెట్టెలన్నీ బలమున్నవాడివే. ఆయాసం మనిషి ఆ తొక్కిడిలోకి రాలేడు, ఆఫీసరమ్మని నమ్మి పంపింది గంగపాలు. పైపులు, రంగులు, తన ముప్పై ఏళ్ళు కూడా దాంతోపాటే. ఒకవైపు ఇదంతా, ఇంకోవైపు నురగ కక్కుతున్న వాడు. కాటా లేచి గదిలోకి పరిగెత్తి తాళం తీసి మడత గేటు బార్లా తోశాడు. ఖాళీ రంగు డబ్బా ఒకటి తీసుకుని చువ్వతో దానిమీద బాదాడు. సంతలో సరుకు అమ్మేవాడి గొంతు ఎక్కడి నుంచో తెచ్చుకున్నాడు.

"పెట్టెలు! పెట్టెలు! గేటు తీశాను! ముందొచ్చినవాడికి ముందు! ఎన్ని కావాలంటే అన్ని!"

అంచున ఉన్నవాళ్ళు తలలు తిప్పారు. ఒకడు కదిలాడు. వాణ్ణి చూసి ఇద్దరు. అంతే, వీధి మధ్య గుంపు కట్ట తెగినట్టు గదిలోకి పోయింది. పక్కకి తప్పుకునే లోపే కాటాని గోడకేసి నొక్కేశారు. లోపల అరుపులు. రంగు డబ్బాల వరస ఒకటి కూలింది, తెల్లరంగు నేలమీద పారింది, దాంట్లో జారిపడ్డవాళ్ళ మీద నుంచి మిగతావాళ్ళు నడిచారు. పైపుల కట్ట తెగి ఒకడి కాలి మీద పడింది, వాడు అరుస్తూనే చేతికందిన పెట్టెని వదల్లేదు. ఒక పెట్టె కోసం అన్నదమ్ములిద్దరు ఒకరి గొంతు ఒకరు పట్టుకున్నారు, వాళ్ళ పక్కనే ఎవరూ ముట్టని పెట్టెలు భుజమెత్తున ఉన్నాయి. ఇంటికొకటి చొప్పున నిజంగానే సరిపోయేవి. రెండేసి, మూడేసి ఎత్తుకుపోయారు కాబట్టి చివరివాళ్ళకి ఖాళీ అట్టలు మిగిలాయి.

వీధిలో బామ్మర్ది ఒక్కడే ఉన్నాడు. కాటా వాడి చంకల కింద చేతులేసి గోడ పక్కకి లాగాడు. ఛాతీలో ఈలలా చప్పుడు. ఊపిరుంది.

ఆ గోడకే ఆనుకుని టైలరు కూర్చున్నాడు. కుడిచెయ్యి భార్య చింపిన కొంగు ముక్కలో చుట్టి ఉంది, గుడ్డ తడిసి కారుతోంది. ఆఫీసరమ్మ నుదుటికి మాస్కుల కట్ట అదిమిపెట్టి ఫోనులో అరుస్తోంది. ఫోను దించి కాటాతో అంది, "అంబులెన్సులన్నీ పొగ మనుషుల్ని మోస్తున్నాయిట. రావడానికి లేదు."

గోడౌనులో సరుకు తోసే నాలుగు చక్రాల ట్రాలీ ఉంది. కాటా దాన్ని రంగులోంచి లాక్కొచ్చాడు. బామ్మర్దిని ఎత్తి పడుకోబెట్టి, టైలరు వైపు తిరిగాడు.

"ఎక్కించమ్మా."

"ఆ రాక్షసుడి పక్కనా? మా ఆయన చెయ్యి పచ్చడి చేసినవాడి పక్కన పడుకోబెడతావా?" టైలరు భార్య చెప్పు తీసి కాటా చెంప మీద కొట్టింది. "ఉంటాయన్నావు! నీ నోటితోనే ఉంటాయన్నావు కదరా!"

"ఒకటే బండమ్మా. తర్వాత కొట్టు. ఎక్కించు."

ఆవిడ ఎక్కించింది. తర్వాత దాకా మాత్రం ఆగలేదు. దారంతా ఒక చేత్తో ట్రాలీ తోస్తూ, ఇంకో చేత్తో చెప్పు పట్టుకుని కాటాని కొడుతూనే ఉంది. వీపు మీద, మెడ మీద, ఎక్కడ అందితే అక్కడ. ఊపిరందక ఆగి, దగ్గి, మళ్ళీ తోసి, మళ్ళీ కొట్టింది. కాటా కూడా ఆగకుండా తోశాడు. గుంట వచ్చినప్పుడల్లా టైలరు అరిచాడు. బామ్మర్ది ఒక్కసారి మాత్రం "బావా, కన్ను కనపడటం లేదు" అన్నాడు.

"పొగరా. ఎవరికీ కనపడటం లేదు" అన్నాడు కాటా.

మలుపు దగ్గర ఒకడు రెండు పెట్టెలు ఒకదాని మీద ఒకటి పెట్టుకుని ఎదురొచ్చాడు. పాలు పోసేవాడు. టైలరు భార్య ట్రాలీ వదిలేసి వాడి ముందు నిలబడింది.

"మీ ఇంట్లో ఆయాసం ఎవరికిరా?"

"మా అమ్మకి..."

"ఇంకోటి ఎవరికి?"

వాడు పక్కనుంచి పోబోయాడు. ఆవిడ చెప్పుతో కళ్ళ మీద కొట్టింది, వాడి మోకాలి మీద తన్నింది. కిందపడ్డ రెండింట్లో ఒకటి తీసుకుని, రెండోది వాడి మీదికే విసిరింది. "ఇది మీ అమ్మకి. ఇది మా పిల్లకి." తెచ్చి ట్రాలీ మీద ఇద్దరు మగాళ్ళ మధ్యా ఇరికించింది. మళ్ళీ తోయడం మొదలుపెట్టింది.

ఆసుపత్రి గేటు ముందు, వరండాలో, మెట్ల మీద, అన్నిచోట్లా పొగ మనుషులే. నర్సు ఒకామె వచ్చి చూసి టైలరుని ముందు లోపలికి తీసుకెళ్ళింది, నెత్తురు ఆగటం లేదని. బామ్మర్దికి స్ట్రెచర్ ఖాళీ కావాలి, ఆగమంది. టైలరు భార్య పెట్టె ఎత్తుకుని భర్త వెనక పోయింది.

ఆమె అటు పోగానే ఇటు మేస్త్రి వచ్చాడు. టైలరు అన్న. పని మీద నుంచి వచ్చాడు, బట్టలనిండా సిమెంటు, నడుముకి సుత్తి. వెనక పనివాళ్ళు ముగ్గురు. కబురు వాళ్ళకన్నా ముందే నడిచిందన్నమాట.

"తప్పుకో కాటా."

"చూడు వాణ్ణి. ఊరంతా కొట్టింది. ఇంకేం మిగిలింది కొట్టడానికి?"

"ఊరు తన కోపానికి కొట్టింది. మాది మాకుంది. మావాడు ఇంక సూదిలో దారం ఎక్కించలేడు. వీడు మాత్రం మానిపోయి రేపు పనికెళ్తాడా? చెయ్యి బండి బయటికి పెట్టమను."

పనివాళ్ళు ట్రాలీకి రెండు వైపులా వచ్చారు. ఒకడు బామ్మర్ది కుడి మణికట్టు పట్టుకున్నాడు. వాడు మూలిగాడు గాని లాక్కోలేకపోయాడు. మెట్ల మీద వాళ్ళు చూస్తున్నారు. ఎవరూ లేవలేదు, లేచే ఊపిరి ఎవరికీ లేదు.

కాటా పోట్లాడలేదు. నలుగురితో పోట్లాట అతని లెక్కలో నష్టమే. మేస్త్రి కళ్ళలోకి చూసి, కొట్లో కూర్చుని మాట్లాడినట్టు మాట్లాడాడు.

"మేస్త్రీ, ఒక్క మాట. పెట్టెలు లోపల పెట్టించిందెవరు?"

"నువ్వు."

"షట్టరు దించిందెవరు?"

"నువ్వే. అయితే?"

"కొట్లో తప్పు సరుకిస్తే నువ్వు వచ్చి పనివాడి చొక్కా పట్టుకుంటావా, నా చొక్కానా? ఇన్నేళ్ళుగా నా చొక్కాయే పట్టుకున్నావు." కాటా కుడిచెయ్యి ట్రాలీ ఇనుప అంచు మీద పెట్టాడు. "ఇదిగో. కొక్కెం పట్టి షట్టరు దించింది ఇదే. తీసుకో. తీసుకున్నాక వాడి జోలికి నువ్వు రావు, నీ మనుషులు రారు, నీ తమ్ముడు రాడు. నలుగురి ముందూ చెప్పి కొట్టు."

"బేరమాడుతున్నావా?"

"అవును."

"బావా, ఒద్దు..."

"నువ్వు మాట్లాడకు. పక్కటెముకలు చూసుకో."

మేస్త్రి చాలాసేపు ఆ చేతినే చూశాడు. బెదిరిస్తున్నాడేమో, లాక్కుంటాడేమో అని చూశాడు. తర్వాత మెట్ల మీద జనం వైపు తిరిగి గట్టిగా అన్నాడు. "విన్నారుగా. దీంతో చెల్లు." సుత్తి తీసి కొట్టాడు.

కాటా నోట్లోంచి వచ్చింది అరుపు కాదు, ఊపిరంతా ఒక్కసారి పోయింది. చెయ్యి ఛాతీకి అదుముకుని ట్రాలీకి తల ఆనించాడు.

"మావాడివి నాలుగు వేళ్ళు" అన్నాడు మేస్త్రి పైనుంచి. "నీవి రెండే పోయాయి."

కాటా చెయ్యి తీసి చూసుకున్నాడు. నిజమే. చూపుడువేలు, నడిమి వేలు మాత్రమే. తూకం తక్కువైంది. తక్కువ తూకానికి ఒప్పుకుంటే బేరం నిలవదు, రేపు మళ్ళీ వస్తారు. ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకుని, ఎత్తి, మళ్ళీ అంచు మీద పెట్టాడు.

"ఒరేయ్, చాలు పదండి" అన్నాడు పనివాళ్ళలో ఒకడు, వేరేవైపు చూస్తూ.

మేస్త్రి చాలనలేదు. రెండోసారి కొట్టాడు. ఈసారి కాటా అరిచాడు, వరండా అంతా మోగింది.

మేస్త్రి సుత్తి నడుముకి దోపుకోబోతే అది దిగలేదు. కింద పడేశాడు. దగ్గొచ్చి రెండు చేతులూ ట్రాలీ మీద ఆన్చి కాసేపు దగ్గాడు. తర్వాత పనివాళ్ళ వైపు చూశాడు. "చూస్తారేంరా? వీడి కాళ్ళు పట్టుకోండి. స్ట్రెచర్ వచ్చేదాకా ఉండడు వీడు." బామ్మర్ది భుజాల కింద తనే చేతులు పెట్టి ఎత్తాడు. నలుగురూ కలిసి వాణ్ణి లోపలికి మోసుకుపోయారు.

కాటా ట్రాలీ పక్కనే వరండా గోడకి ఆనుకుని కూర్చున్నాడు. ఆ మసకలో వచ్చే పోయే నర్సులు అతన్నీ ఒక పొగ మనిషే అనుకున్నారు. చాలాసేపటికి టైలరు భార్య బయటికి వచ్చింది, పెట్టె చంకలో. అతని పక్కన నిలబడి చేతి వైపు చూసింది.

"మా బావగారు చెప్పారు. మీరు మీరు చెల్లు అనుకున్నారంటగా."

"అనుకున్నాం."

"మగాళ్ళు చెల్లంటే చెల్లిపోతుందా? నీ చెయ్యి విరిగితే మా ఇంట్లో మిషను తిరుగుతుందా? రేపు జాకెట్టు కోసం వచ్చినవాళ్ళకి నీ వేళ్ళు చూపించనా?"

కాటా ఏదో చెప్పబోయాడు. చెప్పడానికి అతని దగ్గర ఎప్పుడూ ఏదో ఒకటి ఉండేది.

"లెక్క చెప్పావంటే చెప్పు తీస్తాను" అందావిడ.

"చెల్లలేదమ్మా" అన్నాడు.

లోపల నుంచి ఎవరో పిలిచారు, టైలరుకి కట్టు కడుతున్నారు, పట్టుకునే మనిషి కావాలని. ఆవిడ అటు చూసింది, వరండా నిండా ఉన్న జనాన్ని చూసింది, పెట్టెని చూసింది. వంగి దాన్ని కాటా ఒళ్ళో పెట్టింది.

"నేనొచ్చేదాకా పట్టుకో. ఇది పోయిందంటే నిన్ను నేనే చంపుతాను."

కాటా ఎడమచెయ్యి పెట్టె చుట్టూ వేశాడు. కుడిచెయ్యి దానిమీద పెట్టుకున్నాడు, నెత్తురు అట్ట మీదికి పాకింది. దగ్గుతున్నవాళ్ళు ఒక్కొక్కరే ఇటు చూడటం మొదలుపెట్టారు. ఎదురుగా చంటిపిల్లని ఎత్తుకున్న ఒకామె చూపు తిప్పుకోలేదు, ఆమె పక్కనున్న మగాడు లేచి నిలబడ్డాడు. కాటా అతన్నే చూస్తూ, మేస్త్రి వదిలేసిన సుత్తిని కాలితో దగ్గరికి లాక్కున్నాడు.